డాక్టరు వెనక వేళ్ళు

ముందే చెప్తా ఉండా, ఇది నేను రాసింది కాదు. నేను చెప్తా ఉంటే మా ఆవిడ రాస్తా ఉంది. ఆమెది సూళ్ళూరుపేట, తెలుగు మీడియంలో చదివింది. మద్రాసులో పుట్టి పెరిగిన నాకు తెలుగు మాట్లాడేదానికే గానీ రాసేదానికి రాదు. మా పిల్లలకి ఆ మాట్లాడేది కూడా లేదు, తెలుగులో అడిగితే అరవంలో బదులు చెప్తారు. "చెప్పిందే చెప్తే రెండోసారి రాయను" అని ఆమె ముందే షరతు పెట్టింది. కాబట్టి యాడన్నా ఒకే మాట రెండుసార్లు వచ్చిందంటే తప్పు ఇద్దరిదీ.

ఇది మా పేట గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడే పిల్లకాయల కోసరం. మీరంతా నన్ను ఆర్మీ తాతా అంటారు గదా, ఆ తాతని. మొన్న మీ ఆట చూసేదానికి వచ్చినా. ఇద్దరు ఎగిరినారు, తలా తలా గుద్దుకున్నాయి, ఒకడు కింద పడినాడు. మీరు చుట్టూ మూగి "ఏం లేదురా, ఏం లేదు, నీళ్ళు చల్లు" అన్నారు. వాడు లేచి బుర్ర విదిలించుకొని, కాసేపటికే మళ్ళా హెడ్డింగుకి ఎగిరినాడు. మీరు ఈలలేసినారు. వాణ్ణి బయటికి తీయండ్రా అని అరవాలని నోరు తెరిచినా. సమయానికి మాట రాలేదు. ఈ మధ్య నాకు మాటలు అట్టనే చెయ్యిస్తా ఉండాయి. ఆ రోజు రానిది ఈరోజు చెప్తా, కూర్చోండి.

నేను ఆడింది స్టాపర్. గోలీకి, అంటే గోల్‌కీపరుకి ముందర, నడిమధ్యలో. పైనుంచి వచ్చే బంతి ఏదైనా సరే నా నెత్తి మీదకే. ఆర్మీలో దేశం కోసరం చేరినా అని చెప్పుకుంటే బాగుంటది గానీ, నిజం చెప్పాలంటే బూట్ల కోసరం చేరినా. రెజిమెంటు టీములో ఆడే సిపాయికి బూట్లిస్తారు, పొద్దన రెండు గుడ్లు ఎక్కువేస్తారు, డ్యూటీలు తగ్గిస్తారు అని ఎవడో చెప్పినాడు. అది చాలదా నాకు? మా నాయన చెప్పుల్లేకుండా బతికినోడు.

మా టీము గోలీ కూడా మద్రాసు తెలుగోడే, రాయపురం. ఇద్దరం ఒకే రైలెక్కి పొయినాం. వాడు నాకన్నా మూరెడు పొడుగు, చేతులు మోకాళ్ళ దాకా ఉంటాయి. పేర్లెందుకులే. వాడు నన్ను "బండా" అంటాడు, నా తల బండ అని. నేను వాణ్ణి "గోలీ" అంటా. లోకంలో నన్ను బండా అని పిలిచేది వాడొక్కడే, మా ఆవిడ కూడా పిలవదు. పిలవాలని చానా సార్లు అనుకున్నా అంటా ఉంది ఇప్పుడు.

ఆటలో తలకి దెబ్బ తగిలితే ఆర్మీ డాక్టరు పరిగెత్తుకొచ్చి మన ముందర మోకాళ్ళ మీద కూర్చుంటాడు. అడిగేది ఒకే ప్రశ్న. "స్కోర్ క్యా హై?" స్కోరు చెప్తే ఆడనిస్తాడు, చెప్పలేకపోతే బయటికి. బయటికి పంపేదాంతో పోదు. కాయితం మీద అన్‌ఫిట్ అని పడతది, టీములోనించి తీసి యూనిట్‌కి పంపేస్తారు, మంచుకొండల మీద కాపలాకి. అక్కడ కాపలా కాసే వాళ్ళు మాకన్నా గొప్పోళ్ళే, కాదనను. కానీ బంతికి అలవాటు పడిన వాడికి అది చావు మాదిరే ఉండేది.

అందుకని మా టీములో ఒక అలవాటు ఉండేది. డాక్టరు కూర్చోంగానే ఆయన వీపు వెనకాల మనవాడొకడు వచ్చి నిలబడతాడు. కుడిచేతి వేళ్ళు మన గోల్సు, ఎడమచేతివి అవతలోళ్ళవి. పిడికిలి మూస్తే సున్నా. కిందపడినోడు ఆ వేళ్ళు చూసి స్కోరు చెప్పేస్తాడు. ఎవరు కనిపెట్టినారో తెలీదు. సీనియర్లు జూనియర్లకి బూటు లేసులు కట్టేది నేర్పినట్టు ఇదీ నేర్పేవాళ్ళు. స్నేహం అంటే ఇదేరా అని మేమూ నమ్మినాం.

ఒక ఫైనల్లో వాన. అప్పట్లో బంతి తోలుది, వానలో నీళ్ళు తాగి ఇటికరాయి అయిపోతది. ఒకసారి ఎగిరినా, అవతలోడి తల నా కణతకి తగిలింది. ఆకాశం కనపడింది, దాంట్లో డాక్టరు మొహం కనపడింది. స్కోర్ క్యా హై? ఏం స్కోరు? ఏం ఆట? నేను ఆడ ఎందుకు పడుకోనుండానో కూడా తెలీదు. డాక్టరు భుజం మీదగా చూస్తే మా గోలీ గోలుపోస్టు వదిలిపెట్టి ఈడ దాకా వచ్చి నిలబడుండాడు. కుడిచేతికి ఒక వేలు, ఎడమచెయ్యి పిడికిలి. "వన్ నిల్, సార్" అన్నా. "షాబాష్" అని వీపు తట్టి పొయినాడు డాక్టరు.

ఆ ఆటలో చివరి గోలు నాదే, హెడ్డింగుతో కొట్టినానంట. అంట అనే చెప్పాల. పడిన కాడినించి బ్యారక్‌లో నీళ్ళు పోసుకునే దాకా నాకు ఒక్కటీ గుర్తులేదు. అందరూ భుజాలకెత్తుకొని ఊరేగించినారంట. మా ఇంట్లో గోడ మీద ఫోటో ఉంది, నా మొహం పెట్టుకొని ఎవడో ఎగరతా ఉండాడు. నా జీవితంలో గొప్ప గోలు ఊళ్ళో అందరికీ గుర్తుంది, నాకు తప్ప. చానా ఏళ్ళు ఇది జోకు మాదిరి చెప్పుకొని నవ్వినా.

అట్ట ఎన్నిసార్లు వేళ్ళు చూసి లేచినానో లెక్క లేదు. సర్వీసు అయిపోయినాక ఇద్దరం మద్రాసొచ్చి లీగులో ఒక క్లబ్బుకి జీతానికి ఆడినాం. ఆడా అదే నెత్తి, అవే వేళ్ళు. మోకాళ్ళు పోయినాక ఆట వదిలేసినాం.

ఎక్స్‌సర్వీస్‌మెన్‌కి కడాకి దొరికేది గేటు కాపలా. మద్రాసు పక్కన మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో గోలీ ముందు చేరి సెక్యూరిటీ సూపర్‌వైజర్ అయినాడు, తర్వాత నన్ను చేర్చుకున్నాడు. ఏడాదికొకసారి "ఈ మనిషి ఫిట్" అని కాయితం మీద సంతకం పెట్టేది వాడే. ఆడ చానా ఏళ్ళు మర్యాదగా పనిచేసినా. నాకొక అలవాటు, మనుషుల్ని ఆట స్థానాలతో పిలిచేది. లావుగా ఉండే స్టోర్ కీపరు ఫుల్‌బ్యాకు. ఊరికే అటూ ఇటూ తిరిగే మేనేజరు రెఫరీ. ఇదంతా మనసులోనే, ఎప్పుడో మూడ్ బాగుంటే తప్ప నోటితో అనేది లేదు.

తర్వాత మొదలైంది. తాళాలు చేతిలో పెట్టుకొని తాళాల కోసరం ఎతికేది. బస్సు దిగి ఇంటి సందు దాటి పోయేది. మా ఆవిడ డాక్టరు కాడికి పోదాం అంటే కసిరినా. గోలీకి తెలిసిపోయింది. రోజూ పొద్దన్నే ఫోన్ చేసేవాడు. "బండా, ఈరోజు బేస్తవారం. నీకు బి గేటు. కొత్తగా వచ్చినాయన కళ్ళద్దాలు పెట్టుకోనుంటాడు, ఆయనకి సెల్యూట్ కొట్టు, మర్చిపోబాక." ఎంత ప్రేమ చూడండి. నేను పడిపోయినానని వాడికి తెలుసు, అందుకే డాక్టరు రాకముందే వేళ్ళు చూపిస్తా ఉండాడు.

ఏడాదికొకసారి ఫ్యాక్టరీ ఆపి ట్యాంకులు కడుగుతారు. కాంట్రాక్టు కూలోళ్ళు మ్యాన్‌హోల్లోనించి లోపలికి దిగతారు. దిగేవాడు తన పేరున్న బిళ్ళ పక్కనుండే బోర్డుకి తగిలించి దిగాల, పైకొచ్చి తీసుకోవాల. ఆ బోర్డు కాడ ఒక మనిషి నిలబడి ఎవరు పొయినారు, ఎవరొచ్చినారు చూసుకోవాల. ఆ ఏడాది మనుషులు చాల్లేదు. మిలిటరీ వాళ్ళు హుషారుగా ఉంటారని మమ్మల్ని నిలబెట్టినారు. ఒక ట్యాంకు కాడ నన్ను పెట్టినారు.

మధ్యాన్నానికి పని అయిపోయింది. అందరూ పైకొచ్చినారు, బోర్డు మీద ఒక్క బిళ్ళా లేదు. ఇంజనీరు వచ్చి అడిగినాడు. "ఏంపా, లోపల ఎవరన్నా ఉండారా? మూత వేసేయమంటావా?"

బోర్డు చూసినా, ఖాళీ. అయినా ఏదో ఉంది. నాలిక చివర్లో ఉంది, బయటికి రావడం లేదు. చెప్పు చెప్పు అంటా ఉండాడు ఆయన. అలవాటుగా ఆయన భుజం మీదగా చూసినా. రౌండుకి వచ్చిన గోలీ పైపుల కాడ నిలబడుండాడు. నలభై ఏళ్ళుగా వాడికి తెలిసిన మొహం నాది, చూస్తానే అర్థం అయిపోయింది. బోర్డు వైపు ఒకసారి చూసినాడు, పిడికిలి మూసి ఎత్తినాడు.

"ఎవరూ లేరు సార్" అన్నా. అటెన్షన్‌లో నిలబడి, గట్టిగా.

మూత వేసినారు, బోల్టులు బిగించినారు. లోపలుండే గాలిని తరిమేసేదానికి నైట్రోజన్ వదిలినారు. అది పీల్చుకుంటే మనిషికి ఊపిరి ఉండదు. అందరూ టీకి పొయినారు. ఆడ కూలోళ్ళలో ఒకడు "మావోడు యాడ?" అని అడిగినాడు. టీ గ్లాసులు యాడివాడ పడేసి పరిగెత్తినారు. మూత తీసేసరికి వాడు నిచ్చెన మొదట్లో పడుండాడు, చేతిలో స్పానరు ఉంది.

బతికినాడు. అది బతకడం అంటే బతకడమే. మాట ముద్ద అయిపోయింది, చేతులు వణుకుతా ఉండాయి, అన్నం ఇంకొకరు తినిపించాల. నాయుడుపేట కాడినించి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కంపెనీ వాళ్ళు ఏమన్నారంటే, బిళ్ళ తగిలించకుండా దూరినాడు, తప్పు వాడిదే, వైద్యం ఖర్చు మేం పెట్టుకోం. వాడు ఆస్పత్రిలో ముద్దమాటల్తో చెప్పిందొకటే. స్పానరు లోపల మర్చిపొయినా, సెక్యూరిటీ అన్నకి చెప్పే దిగినా అని. నన్నడిగినారు. నాకు చెప్పలేదు సార్ అన్నా. నేను అబద్ధం ఆడలేదు పిల్లకాయలూ. నాకు తెలిసినంతలో వాడు నాకు చెప్పలేదు. మాజీ సైనికుడి మాట గదా, అందరూ నమ్మినారు.

కొన్నాళ్ళకి వాడి పెళ్ళాం గేటు కాడికి వచ్చింది. నన్ను పిలిపించింది.

"అన్నా, నేను గొడవకి రాలా. ఒక్క మాట అడిగిపోదామని వచ్చినా. ఆయన మీకు చెప్పే దిగినా అంటాడు."

"లేదమ్మా. చెప్పుంటే నేనెందుకు మూత వేయనిస్తా?"

"మీరు నవ్వినారంట గదన్నా. 'రైట్ వింగూ, సీక్రంగా వచ్చెయ్' అన్నారంట. రైట్ వింగంటే ఏందన్నా? ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. ఆస్పత్రిలో పడుకొని అదే అడగతా ఉండాడు."

మీకు తెలుసు గదా, రైట్ వింగంటే గ్రౌండు కుడి అంచున పరిగెత్తేవాడు. సన్నగా, వడివడిగా నడిచే కుర్రోడు. చూసిన మొదటిరోజే మనసులో రైట్ వింగ్ అని పెట్టుకున్నా. ఆ మాట నేను నోటితో అంటే తప్ప వాడికి తెలిసే దారి లేదు. సీక్రంగా, అంటే తొందరగా వచ్చెయ్ అనేది కూడా నా మాటే, రోజూ మా ఇంట్లో అనే మాటే. వాడు చెప్పినాడు. నేను పొమ్మన్నా. నా గోలు నాకు గుర్తులేనట్టే ఇది కూడా గుర్తులేదు. కాకపోతే అప్పుడు నన్ను భుజాలకెత్తుకున్నారు, ఇప్పుడు ఈ పిల్ల నా ముందర కళ్ళు తుడుచుకుంటా ఉంది.

ఆ సాయంత్రమే గోలీకి చెప్పినా. వాడు తలుపేసి వచ్చినాడు.

"గమ్మునుండు బండా. ఈ మాట ఇంకెవరి కాడా అనబాక."

"వాడి వైద్యం సంగతి?"

"బతికినాడు గదా! నీ ఫిట్‌నెస్ కాయితం మీద సంతకం ఎవరిది? నువ్వు పోతే నేనూ పోతా. కూతురూ ఇద్దరు బిడ్డలూ నా మీద పడుండారు, వాళ్ళకి ఎవడు పెడతాడు?"

"పిడికిలి చూపించింది నువ్వు."

"బోర్డు చూసి చూపించినా! లోపల మనిషుండాడని నాకేం తెలుసురా? నీకు గదా తెలియాల్సింది!"

అరిచినాక వాడే చల్లబడి నా పక్కన కూర్చున్నాడు. వాడు చెప్పింది నిజమే, నేను చెప్పిందీ నిజమే. దాంతో ఆస్పత్రిలో ఉండే కుర్రోడికి ఒక్క మాత్ర కూడా రాదు.

ఎంక్వయిరీలో భాగంగా నన్ను కంపెనీ డాక్టరమ్మ పరీక్ష చేస్తాదన్నారు. గార్డు మెదడు బాగుందా లేదా అని. బాగుంటే కేసు కుర్రోడి మీద మూసేస్తారు. గదిలో డాక్టరమ్మ, ఆమె పక్కన ఎంక్వయిరీ ఆఫీసరు. నన్ను తీసుకొచ్చిన సూపర్‌వైజరు కాబట్టి గోలీ వాళ్ళ కుర్చీల వెనకాల, గోడ కాడ నిలబడినాడు. తారీకు అడిగింది, చెప్పినా. పొద్దన్నే గోలీ ఫోన్లో చెప్పుండాడు.

"నూరులో ఏడు తీసేస్తే ఎంత?"

ఏం తోచలేదు. తెల్లగా, వానలో గ్రౌండు మాదిరి ఉంది తలకాయలో. కళ్ళు వాటంతట అవే పైకి పొయినాయి. గోలీ తొమ్మిది వేళ్ళు చూపించినాడు, తర్వాత మూడు.

"తొంభై మూడు, మేడమ్."

"బాగుంది. దాంట్లో ఇంకో ఏడు?"

ఎనిమిది వేళ్ళు లేచినాయి. వాడి మొహం చూసినా. చెప్పెయ్‌రా, చెప్పెయ్ అని పెదాలు ఆడతా ఉండాయి. ఆఫీసరు కలం పట్టుకొని రాసేదానికి సిద్ధంగా ఉండాడు. నేను చెప్తే నా ఉద్యోగం ఉంటది, గోలీ ఉద్యోగం ఉంటది, ఆ కుర్రోడు దొంగమాటలోడు అయిపోతాడు.

హెడ్డింగుకి ఎగిరేటప్పుడు కళ్ళు మూసుకోకూడదు. మీకూ చెప్పుంటారు మీ కోచ్‌లు. నాకు మొదటిరోజు చెప్పినారు, ఏ బంతికీ నేను కళ్ళు మూసుకున్నోణ్ణి కాదు. ఆ రోజు గట్టిగా మూసుకున్నా.

"తెలీదు మేడమ్" అన్నా.

"అదేంది, ఇప్పుడే బాగా చెప్తిరే?"

"కళ్ళు తెరిస్తే తెలస్తది మేడమ్. మూసుకుంటే తెలీదు."

కుర్చీ కిర్రుమన్న శబ్దం వచ్చింది. కళ్ళు తెరిచేసరికి డాక్టరమ్మ వెనక్కి తిరిగి చూస్తా ఉంది. గోలీ చేతులింకా దించలేదు. ఎనిమిది వేళ్ళు అట్టనే గాల్లో ఉండాయి, పెనాల్టీకి నిలబడినట్టు.

అప్పుడు ఆఫీసరుతో చెప్పినా. "ఆ అబ్బాయి నాకు చెప్పే దిగినాడు సార్. నేనే పొమ్మన్నా. నాకది గుర్తులేదు. మర్చిపోయేది నా జబ్బు, వాడి తప్పు కాదు. ఈ ముక్క రాసుకోండి."

ఆ రోజే నన్ను పంపించేసినారు. కుర్రోడి వైద్యం కంపెనీ పెట్టుకునింది, మాట మాత్రం తిరిగి రాలేదంట. తర్వాత పెద్దాస్పత్రిలో నా తలకి స్కానింగ్ తీసినారు. "బాక్సింగ్ ఆడినారా?" అని అడిగినాడు ఆ డాక్టరు. లేదు సార్, వానలో ఫుట్‌బాల్ అన్నా. ఇంక ఇది తగ్గేది కాదు, నిదానంగా పెరిగేదేనన్నాడు.

గోలీని సూపర్‌వైజర్ పనిలోనించి తీసి ఎన్నూరులో బొగ్గు యార్డు గేటుకి పంపినారు, మామూలు గార్డుగా. ఫోన్లు ఆగిపొయినాయి. ఏ రోజు ఏ వారమో పొద్దన్నే చెప్పేవాళ్ళు లేరు నాకు. నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి గదిలో నిలబెట్టి పట్టించినా గదా, వాడు రాకపోవడంలో తప్పేముంది? బాధ మాత్రం ఉండేది. ఇప్పటికీ ఆ కుర్రోడి మొహం గుర్తు రాదు, గోలీ మొహం మాత్రం ఆ ఎనిమిది వేళ్ళతో సహా కళ్ళల్లోనే ఉంది అనుకునేవాణ్ణి. అదీ నిలవలేదు.

కొన్ని నెలల కిందట ఒక ఆదివారం ఇంటికి ఎవరో వచ్చినారు. పొడుగాటి మనిషి, చొక్కా కాలరంతా నల్లగా బొగ్గు మసి, దగ్గు. నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటా "ఎవరొచ్చినారో చెప్పు చూద్దాం" అనింది. నాకు తెలీలేదు. ఎంతసేపు చూసినా తెలీలేదు. అలవాటు యాడ పోతది, నా కళ్ళు ఆ మనిషి చేతుల మీదకి పొయినాయి. ఆయన రెండు చేతులూ చంకల్లో దూర్చి గట్టిగా బిగించుకోనుండాడు. మా ఆవిడ పేరు చెప్పబోతే తల అడ్డంగా ఊపినాడు.

"తెలీదు సార్" అన్నా.

ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోతా ఉండాయి. "సరిగ్గా చెప్పినావురా బండా" అన్నాడు.

బండా అంటే తెలిసింది. గోలీ అని పిలిచినా. ఇద్దరం ఏడ్చినాం, మా ఆవిడ కాఫీ పెట్టింది, వాడు తాగే దాకా నేను వాడి మొహమే చూస్తా కూర్చున్నా, మళ్ళా పోతాదేమో అని.

పిల్లకాయలూ, మొన్న గుద్దుకున్నోణ్ణి డాక్టరు కాడికి తీసకపోండి. లోపల డాక్టరు అడిగేదానికి వాడే చెప్పాల. వాడికి రాకపోతే రానీయండి. పక్కన నిలబడండి, అంతే.

గోలీ ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తాడు. మా ఆవిడ ప్రతిసారీ ఎవరొచ్చినారో చెప్పమంటది. ఒక్కోసారి చెప్తా, ఒక్కోసారి రాదు. ఎంతసేపైనా సరే, నేను ఏదో ఒకటి చెప్పే దాకా వాడు చంకల్లోనించి చేతులు తీయడు.